తుంటి కీలు నొప్పి - కీహోల్ ఆపరేషను

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ ఏడు ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమని సంఘం వారు మమ్మల్ని కోరారు. చక్కెర జబ్బు గురించి, రక్తపోటు గురించి ఏటా ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు. అందుచేత ఎవరూ పెద్దగా మాట్లాడని తుంటి కీలును ఎన్నుకున్నాము. "చిన్న బొక్క పెట్టి బాగుచేసేస్తారంట, నిజమేనాండీ?" అని ఈమధ్య పలువురు అడుగుతున్నారు. నిజమే. అయితే అది అందరికీ కాదు. ఎవరికి పనికివస్తుంది, ఎవరికి పనికిరాదు అన్నదే తెలుసుకోవలసిన సంగతి.

తుంటి మీద కొడితే మూతిపళ్ళు రాలాయని మనకో సామెత ఉంది గదా! వెక్కిరింపుకు పుట్టిన మాటే గానీ, నొప్పి విషయంలో అందులో కొంత నిజముంది. తుంటి కీలు చెడితే నొప్పి అక్కడే ఉండాలని లేదు. గజ్జలో వస్తుంది, తొడ ముందుభాగంలో వస్తుంది, ఒక్కొక్కరికి మోకాలిలోనే వస్తుంది. మోకాలికి ఎక్స్‌రే తీయించుకుని, ఏమీ లేదనిపించుకుని, నెలల తరబడి నూనె మర్దనాలతో గడిపేవారిని మేము చూస్తూనే ఉన్నాము. ఇంకోవైపు, పిరుదు మీద చెయ్యివేసి "తుంటి నొప్పండీ" అనేవారిలో చాలామందిది నడుము పూసల నుంచి దిగే నొప్పి. నిజంగా కీలులోనే నొప్పి ఉన్నవారు తరచుగా బొటనవేలు వెనక్కి, మిగతా వేళ్ళు గజ్జవైపుకు పెట్టి, తుంటిని చేత్తో పట్టుకున్నట్టు చూపిస్తారు. మందుబిళ్ళ మింగేముందు ఒకసారి అలా చూపించి చూడండి.

తుంటి కీలు మన రుబ్బురోలు వంటిది. తొడ ఎముక పైకొన బంతి, అది పొత్రం. కటి ఎముకలోని గుంట, అది రోలు. ఆ గుంట అంచు చుట్టూ ప్రెషర్ కుక్కరు రబ్బరులాంటి మెత్తని వలయం ఒకటి ఉంటుంది. దాన్ని లాబ్రమ్ అంటారు. కీలులోని జిగట నీరు బయటికి పోకుండా పట్టి ఉంచేది అదే. మన బ్రతుకు చాలావరకు నేల మీదే సాగుతుంది. బాసింపట్టు వేసి కూర్చుంటాము, గొంతుక్కూర్చుంటాము, ఊడ్పుల్లో వంగుతాము, రోజుకు ఐదుపూటలా సజ్దాకు వెళ్ళి లేస్తాము. ఇన్నిటిలోనూ తుంటి బాగా మడవాలి. కనుక మొదటి సూచన అక్కడే కనబడుతుంది. నమాజులో కూర్చున్నప్పుడు గజ్జలో పోటు, మోటారు సైకిలు మీదికి కాలు తిప్పలేకపోవడం, చెప్పు పట్టీకి చెయ్యి అందకపోవడం. వయసులో ఉన్నవాడికి ఇవి వస్తే "వాయువు"లే అని ఊరుకోకూడదు.

కీలులోకి గొట్టం పంపి చూడడం కొత్త సంగతేమీ కాదు. 1918లో టోక్యోలో కెంజి తకాగి అనే వైద్యుడు మూత్రాశయం చూసే గొట్టంతో శవం మోకాలి లోపలికి చూశారు. 1931లో న్యూయార్కులో మైకేల్ బర్మన్ శవాల కీళ్ళను ఒక్కొక్కటిగా పరీక్షించి, తుంటిలో బంతికీ గుంటకూ నడుమ సూది దూర్చడం అసాధ్యమని రాశారు. 1939 నాటికి తకాగి రోగుల తుంటిలోకే చూసి ఆ వివరాలు ప్రకటించారు. అయినా మోకాలికి వచ్చినంత ప్రచారం తుంటికి రాలేదు. మోకాలు చర్మం కిందే దొరుకుతుంది, తుంటి దళసరి కండల లోతున బిగిసి ఉంటుంది. 1980లలో కాలును లాగిపట్టే పద్ధతి కుదురుకున్నాకే ఈ ఆపరేషను నిలదొక్కుకుంది.

చేసే విధం చెబుతాము. మత్తు ఇచ్చి, కాలును ప్రత్యేకమైన బల్లకు కట్టి, బంతి గుంటలోంచి సుమారు ఒక సెంటీమీటరు ఎడమయ్యేటట్టు లాగుతారు. ఎక్స్‌రే తెర మీద చూసుకుంటూ సూది, తీగ, గొట్టం వరుసగా పంపుతారు. రెండు మూడు గాట్లు, ఒక్కొక్కటి సుమారు సెంటీమీటరు. ఒక దానిలో కెమెరా, మరొకదానిలో పనిముట్లు. లోపల ఉప్పునీరు పారుతూ ఉంటుంది. చిరిగిన లాబ్రమ్‌ను కుడతారు, తెగిపడిన ముక్కలు తీస్తారు, పెరిగిన ఎముకను చెక్కుతారు. గాటు చిన్నదని పని చిన్నది అనుకోకండి. లాగిపట్టినందువల్ల కొందరికి కొన్నాళ్ళు గజ్జలోనో తొడలోనో తిమ్మిరి ఉంటుంది. చంక కర్రలూ, నెలల తరబడి వ్యాయామాలూ తప్పవు.

ఇప్పుడు ఎవరికి అన్న మాట. 2003లో స్విట్జర్లండులోని బెర్న్ నగరపు వైద్యుడు రైన్‌హోల్డ్ గాంజ్, ఆయన సహచరులు ఒక సంగతి వివరించారు. బంతి మెడ దగ్గర ఎముక ఉబ్బినా, గుంట అంచు ఎక్కువగా ముందుకు వచ్చినా, మడిచినప్పుడల్లా రెండూ ఒరుసుకుని లాబ్రమ్ చిరుగుతుందని. ఈ రకం వారికి కీహోల్ మేలు చేయవచ్చు. అయితే ఇంగ్లండు మొదలైన చోట్ల 23 ఆసుపత్రులలో 348 మందిని పరీక్షించి 2018లో ప్రకటించిన ఫలితం చూడండి. ఏడాది తర్వాత ఆపరేషను చేయించుకున్నవారు కొంత ఎక్కువ బాగున్నారు, క్రమపద్ధతిలో వ్యాయామం చేసినవారు కూడా మెరుగయ్యారు. అందుచేత ముందు కొన్ని నెలలు వ్యాయామం చేసి చూడమనే వైద్యుడు మిమ్మల్ని తిప్పుతున్నాడని అనుకోవద్దు. ఎక్స్‌రేలో ఉబ్బు కనబడగానే కత్తి పట్టాలని కూడా లేదు. ఆ ఉబ్బు ఉండి ఏ నొప్పీ లేకుండా తిరిగేవారు చాలామంది.

అరిగిపోయిన కీలుకు ఇది పనిచేయదు. రోలే అరిగాక అంచు రబ్బరు మార్చి ప్రయోజనమేమి? అటువంటివారికి కీలు మార్పిడే మార్గం. పుట్టుకతో గుంట లోతు తక్కువగా ఉన్నవారికి కీహోల్ ఒక్కటే చేస్తే హాని కూడా జరగవచ్చు. (చంటిబిడ్డను కాళ్ళు చాపించి బిగించి చుట్టడం తుంటికి మంచిది కాదు. మన అమ్మలు కాళ్ళు ఎడంగా పెట్టి చంకనెత్తుకోవడమే మేలు.)

మమ్మల్ని ఎక్కువగా బాధించేది మరొకటి. బంతికి రక్తం అందక ఎముక చచ్చుబడే జబ్బు. ముప్పై నలభై ఏళ్ళ మగవాళ్ళలో కనబడుతుంది. సారా ఒక కారణం, స్టెరాయిడు మందులు మరో కారణం. కోవిడ్‌కు స్టెరాయిడు వాడినవారిలో ఇది వచ్చిందని 2021లో ముంబయి వైద్యులు ప్రకటించారు. ప్రాణం నిలబెట్టడానికి స్టెరాయిడు వాడవలసిన వేళలు ఉన్నాయి, కాదనము. కానీ ఒళ్ళు నొప్పులకూ, ఆయాసానికీ పేరు తెలియని బిళ్ళలు, సూదులు నెలల తరబడి వేయించుకోవడమెందుకు? చీటీ మీద మందు పేరు రాయించుకోండి. ఈ జబ్బు మొదట్లో మామూలు ఎక్స్‌రేలో కనబడదు, ఎం.ఆర్.ఐ.లో తెలుస్తుంది. అప్పుడైతే బంతిని కాపాడే ప్రయత్నం చేయవచ్చు. బంతి కుంగాక వస్తే మిగిలేది మార్పిడే.

పిల్లల సంగతి వేరు. జ్వరంతో ఉన్న బిడ్డ కాలు కింద పెట్టనని ఏడిస్తే, కాలు కదపనివ్వకపోతే తెల్లవారేదాకా ఆగకండి. కీలులో చీము పట్టి ఉండవచ్చు. కోసో, గొట్టంతోనో వెంటనే కడిగేయాలి. ఆలస్యమైతే బిడ్డకు జీవితాంతం కుంటి.

పూర్వం జబ్బేమిటో చూడడానికే గొట్టం పంపేవారు. ఇప్పుడు ఆ పని చాలావరకు ఎం.ఆర్.ఐ. చేస్తుంది. అనుమానముంటే కీలులోకి మత్తుసూది వేస్తారు. కొద్ది గంటలు నొప్పి పోతే దోషం కీలులోనే ఉన్నదని తెలుస్తుంది. ఈ మొదటి పరీక్షకు హైదరాబాదు బస్సు ఎక్కనక్కరలేదు. కాకినాడలో 1958 నుంచి రంగరాయ వైద్య కళాశాల ఉంది, రాజమండ్రిలోనూ ఏలూరులోనూ 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. అక్కడి ఎముకల విభాగంలో చూపించుకోండి. కీహోల్ అవసరమని తేలితే మాత్రం, తుంటికి అది తరచుగా చేసేవారు ఎక్కడైనా తక్కువే గనుక, "ఇలాంటివి మీరు ఎన్ని చేశారండీ?" అని అడగడానికి మొహమాటపడవద్దు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్.టి.ఆర్. వైద్య సేవగా నడుస్తున్న పథకంలో మీ చికిత్స ఉందో లేదో ఆసుపత్రిలో చేరకముందే కనుక్కోండి.

ఆపరేషను అయినవారు కింద ఎప్పుడు కూర్చోవచ్చో, బండి ఎప్పుడు నడపవచ్చో వైద్యుణ్ణి రాసిమ్మని అడగండి. అందాకా కుర్చీ మీద నమాజు చేసుకోవచ్చు. పాత ఎక్స్‌రే ఫిల్ములు పారేయకుండా, ఈ ముసురులో చెమ్మ తగలనిచోట దాచి, వెళ్ళినప్పుడల్లా వెంట తీసుకువెళ్ళండి. ఇక ఎవరైనా అడగదలుచుకుంటే అడగవచ్చు. ఆడవారి వైపునుంచి ముందు అడగమని కోరుతున్నాము.