గిటారు పొరకొయ్య మన్నిక



వీణెను గూర్చి మాటలాడుదుమని తలచి వచ్చినవారు మమ్ము క్షమింతురుగాక. ఒకే పనసమ్రానును దొలిచి కుండయు దండియు ఏకముగా దీర్చిన బొబ్బిలి వీణె మన చేతిపనికి కీర్తి. అందువలననే కాబోలు, పొరలంటించిన కొయ్యయనిన మనలో పలువురకు చిన్నచూపు. మాకును అట్లే యుండెను. ఆ చిన్నచూపు మాచేత నొక పేద యువకుని గిటారును పాడుచేయించినది.

వెనుకపలకపై గీతలుపడిన గిటారు నతడు మా పనిశాలకు దెచ్చెను. చూచుటకు నిండు జిట్టేగి కొయ్య. మేము అంచునైనను పరీక్షింపక, టేకుబల్లను తోమినట్లు ఉప్పుకాగితముతో తోమితిమి. కొంతసేపటికి నల్లని చారల నడుమ పాలిపోయిన వేఱొక కొయ్య బయటపడెను. పైనున్న జిట్టేగి మిల్లీమీటరైన లేని పొర! అరిగిన పొరను మరల పెంచు ఉలి ఎవరికడ నున్నది? క్రొత్త వెనుకపలక కట్టియిచ్చితిమి, కూలి పుచ్చుకొనలేదు. అయినను నాటి అతని మొగమును మఱవలేదు.

పిమ్మట నా విప్పిన పలకను పరిశీలించితిమి. మూడు పొరలు, నడిమిపొర నార తక్కిన రెంటికి అడ్డముగా నున్నది. కొయ్య తేమను పీల్చి ఉబ్బుటయు, ఆరి ముడుచుకొనుటయు నారకు అడ్డముగానే. నిడివిని మార్పు అత్యల్పము. కావున ఒక పొర కదలబోవగా రెండవది పట్టియుంచును. వేసవి పొడిగాలికి నిండుకొయ్య నారవెంట బీటలువాఱును; పొరకొయ్య అంత సులువుగా వాఱదు. ఫ్రాన్సులో సెల్మరువారు 1932 మొదలు మకాఫెర్రి రూపకల్పనను బట్టి చేసిన గిటార్లకు వెనుక, ప్రక్క పలకలు ఇట్లంటించినవే. వానిలో కొన్ని నేటికిని మ్రోగుచున్నవి. కొయ్య పొదుపు సరేసరి. అమెరికాలోని మార్టిన్ కంపెనీవారు 1969లో బ్రెజిలు కొయ్యకు బదులు చేపట్టినది మన జిట్టేగియే. 2017 నుండి ఆ జాతి కొయ్యల విదేశవ్యాపారము అంతర్జాతీయ నిబంధనలకు లోబడినది.

అయిన పొరకొయ్య ప్రాణము జిగురులో నున్నది. తోలు నుడికించి తీసిన జిగురు వేడికిని తేమకును మెత్తబడును. ఎండలో నిలిపిన మోటారుకారులో గిటారును మఱచినవారు పొర పొక్కులేచినదని మాకడకు వత్తురు. వ్రేలితో తట్టిన అచట బోలుగా పలుకును. పొక్కు చిన్నదిగా నున్నపుడే నారవెంట సన్నని కోతవేసి, జిగురు చొప్పించి, మైనపుకాగితము పఱచి, పైన చదునుపలక నుంచి బిగించి ఒకరోజు విడిచిన నిలుచును. తడి లోనికి దిగి కొయ్య నల్లబడిన పిదప మా ప్రయత్నములు చాలవఱకు వ్యర్థములైనవి.

నాదము ముఖ్యముగా పుట్టు పైపలక సంగతి వేఱు. స్పెయిను దేశపు తోరెస్ 1862లో వెనుక, ప్రక్కలను కాగితపుగుజ్జుతో జేసి, పైపలకకు మాత్రము మంచి కొయ్య వేసి గిటారు కట్టిచూపెను. అచట నిండు స్ప్రూసుకొయ్య శ్రేష్ఠము. పొరకొయ్య వేసిన మన్నును గాని, అడ్డునారయు జిగురును దాని కదలికను బిగించి నాదము నణచును. బడిపిల్లల చేతి గిటారునకు తప్ప అట్టి బేరము మేము చేయము.

పొరకొయ్యను నిండుకొయ్యయని అమ్మువారు కలరు. శబ్దరంధ్రపు అంచును చూడుడు: పై నారగీతలు అంచున క్రిందివఱకు దిగినచో నిండుకొయ్య, పొరలు కానవచ్చినచో అంటించినది. వెనుకపలకకైన బయటి చారలు లోపలి చారలతో సరిపోవలెను. ఈ చూపు మాకు ముందే యున్నచో నా యువకుని గిటారు చెడకపోవును.

మా చేత పాడైన ఆ పలకను మండపద్వారముకడ బల్లపై నుంచితిమి. పని నేర్చుకొను మన పిల్లలు దాని అంచును వ్రేలితో తడవి చూతురుగాక.