కంప్యూటరు పరీక్షలు - వాని యానుపూర్వి



నరసరావుపేటయందును దాని పరిసరములందును నేడు ఇంజనీరింగు కళాశాలలు పెక్కు వెలసియున్నవి. కాకినాడ జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమువారు సయితము 2016వ సంవత్సరమున నరసరావుపేటలో తమ కళాశాలను నెలకొల్పిరి. మాచెర్ల, గురజాల, దుర్గి, రెంటచింతల ప్రాంతములలో మిరపయు ప్రత్తియు పండించు రైతుల బిడ్డలు ఈ కళాశాలలలో చదువుచున్నారు. పట్టముతోబాటు కంప్యూటరు సంస్థలవారు పెట్టు యోగ్యతాపరీక్షలలోగూడ ఉత్తీర్ణులైనచో ఉద్యోగము దొరకుట సులభమగునని వారి యాశ. ఆ యాశ నిరాధారము గాదు. కాని యీ పరీక్షలు పదులకొలది యున్నవి. శుల్కములా, స్వల్పములు గావు. సిస్కో సంస్థవారి సి.సి.ఎన్.ఏ. పరీక్ష యొక్కదానికే 300 అమెరికా డాలర్లు చెల్లింపవలెను. తప్పినవాడు మరల నంతయు కట్టవలసినదే. కావున ఏ పరీక్ష ముందు, ఏ పరీక్ష వెనుక యను విచారము ఒక కుటుంబము కళ్లమునుండి యింటికి దెచ్చుకొన్న రాబడికి సంబంధించిన విచారము. నేటి ప్రసంగమునకు విషయ మదియే.

ఏ శాస్త్రము నారంభించినను ముందుగా నాలుగు ప్రశ్నలు వేసికొనవలెనని మన పెద్దలు నియమించిరి. దీనివలన ప్రయోజనమేమి? విషయమేమి? దీనికిని దానికిని సంబంధమేమి? దీనిని చదువుటకు అధికారి యెవ్వడు? వీనికి అనుబంధచతుష్టయమని పేరు. ఈ నాలుగు ప్రశ్నలు కంప్యూటరు పరీక్షలకును చక్కగా సరిపడును.

మొదటిది ప్రయోజనము. నాగార్జునసాగరము కుడికాలువ 1967 నుండి మన పొలములకు నీరిచ్చుచున్నది. నీరు తలనుండి చివరకు పారును. లెక్క మాత్రము చివరనుండి తలకు సాగును. చిట్టచివరి పిల్లకాలువకు ఎంత నీరు కావలెనో చూచి, ఒక్కొక్కటియే కూడుకొనుచు వచ్చి, తలవద్ద కాలువ వెడల్పు నిర్ణయింతురు. విద్యార్థియు నట్లే తాను చేయగోరు పనిని ముందు నిశ్చయించుకొని, అందుండి వెనుకకు లెక్కించుకొనవలెను. కంప్యూటర్లను ఒండొంటితో గలుపు నెట్‌వర్కు పనియా? లినక్సు సర్వర్లను నిర్వహించు పనియా? క్లౌడు పనియా? సమాచారరక్షణమా? వీనిలో నొకటి నెంచుకొన్న పిదపగాని పరీక్ష పేరు తలపెట్టరాదు. స్నేహితుడు కట్టెనని తానును కట్టువానికి నాలుగు పత్రములు నాలుగు దిక్కుల వచ్చును. ఒక్క దారియు పూర్తి గాదు.

రెండవది విషయము. ప్రతి పరీక్షకును దానిని పెట్టువారు విషయపట్టికను ప్రకటింతురు. శుల్కము కట్టుటకు ముందే ఆ పట్టికను తెచ్చుకొని, తెలిసినవానిని తెలియనివానిని వేరుపరుపవలెను. రెండు పరీక్షల పట్టికలలో సమానభాగము హెచ్చుగా నున్నచో వానిని దగ్గర దగ్గరగా వ్రాయుట లాభము. ఒకదానికి చదివినది చల్లారకముందే రెండవదానికి ఉపకరించును.

మూడవది సంబంధము. ఇచ్చట కొంత నిలిచి చూడవలసియున్నది. పరీక్షలకు నడుమ సంబంధము మూడు విధములు.

మొదటి విధము నియతపూర్వము. అనగా ముందుది లేక వెనుకది సిద్ధింపనిది. చిన్నయసూరి బాలవ్యాకరణము 1858లో వెలువడెను. అందు మిగిలినదానిని జెప్పుటకు బహుజనపల్లి సీతారామాచార్యులవారు ప్రౌఢవ్యాకరణమును రచించిరి. దానికి త్రిలింగలక్షణశేషమని నామాంతరము. శేషమను పేరే పూర్వగ్రంథమును కోరుచున్నది. రెడ్ హ్యాట్ సంస్థవారి ఆర్.హెచ్.సి.ఇ. యోగ్యత యిట్టిది. దానికి ముందు ఆర్.హెచ్.సి.ఎస్.ఏ. ఉండి తీరవలెను. మైక్రోసాఫ్ట్ వారి అజ్యూర్ శాఖలో ఏ.జెడ్.-305 పరీక్షవలన కలుగు నిపుణయోగ్యతకు ఏ.జెడ్.-104 వలన కలుగు యోగ్యత పూర్వాంగము.

రెండవ విధము జంట. కాంప్‌టియావారి ఏ-ప్లస్ యోగ్యతకు రెండు పరీక్షలు. ఏది ముందు వ్రాసినను బాధ లేదు గాని రెండును ఒకే తరగతి సంఖ్యకు జెందినవై యుండవలెను. 2025 మార్చిలో క్రొత్త జంట వచ్చినది. అదే సంవత్సరము సెప్టెంబరులో పాతజంట తొలగింపబడినది. పాతజంటలో నొకటి మాత్రము ముగించి రెండవదానికి జాగు చేసినవాడు రెండింటిని క్రొత్తగా వ్రాయవలసినదే. జంటపరీక్షలను ఒక కాడికి గట్టిన ఎడ్లవలె వెంటవెంట తోలవలెను.

మూడవ విధము ఉచితపూర్వము. నియమము లేదు, యుక్తి గలదు. సిస్కోవారు 2020 ఫిబ్రవరి 24 నుండి తమ పద్ధతిని మార్చిరి. నాటినుండి సి.సి.ఎన్.పి. అను పైతరగతికి సి.సి.ఎన్.ఏ. ఉండవలెనను నిర్బంధము లేదు. ఒక మూలపరీక్షయు, ఒక ప్రత్యేకపరీక్షయు చాలును. నిర్బంధము లేదు గదా యని మొదటిమెట్టును దాటి దుముకువారు కలరు. రఘువంశము చదువక నైషధము పట్టవచ్చును. అడ్డగించు చట్టమేదియు లేదు. కాని శ్లోకశ్లోకమునకు నిఘంటువు వెదకుకొనుటతోనే వానికి దినము గడచును.

నాలుగవది అధికారి, అనగా దేనికి దాను తగియున్నాడో తెలిసికొనుట. సమాచారరక్షణమున సి.ఐ.ఎస్.ఎస్.పి. అనునది ప్రఖ్యాతమైన యోగ్యత. దానికి అయిదేండ్ల యనుభవము కావలెను. విద్యార్థి పరీక్షలో నెగ్గవచ్చును గాని అనుభవము చేకూరువరకు వానికి పూర్తి యోగ్యత రాదు. అట్టిది చివరిమెట్టేగాని మొదటిమెట్టు గాదు. ఆర్.హెచ్.సి.ఎస్.ఏ. వేరొక రీతిగా నధికారమును పరీక్షించును. అది మూడుగంటల పరీక్ష. అందు ప్రశ్నకు గుర్తు పెట్టుట లేదు. ఎదుటనున్న యంత్రమును స్వయముగా సవరింపవలెను. మీదుమిక్కిలి, చేసిన సవరణలు యంత్రమును ఆపి తిరిగి లేపిన పిదపగూడ నిలిచియుండవలెను. మన గురువులును నేటి పాఠమును రేపు అప్పజెప్పించుకొని గాని ముందునకు సాగెడివారు గారు. బజారున దొరకు దొంగప్రశ్నలను వల్లించినవానికి ఇట్టిచోట దిక్కు లేదు.

ఈ నాలుగింటికిని తోడు కాలమను నయిదవదానిని మన మీకాలమున జేర్చుకొనవలెను. సంప్రదాయవిద్యకు గడువు లేదు. ఈ పత్రములకు గలదు. సి.సి.ఎన్.ఏ.కు మూడేండ్లు, ఆర్.హెచ్.సి.ఎస్.ఏ.కు మూడేండ్లు; ఏ.జెడ్.-104 వలన కలుగు యోగ్యతకు ఒక్కయేడు. అయితే ఇందొక సౌకర్యమున్నది. గడువులోపల సిస్కో మూలపరీక్షలో నెగ్గినచో సి.సి.ఎన్.ఏ. గూడ నవీకరింపబడును. ఆర్.హెచ్.సి.ఇ. సంపాదించినచో ఆర్.హెచ్.సి.ఎస్.ఏ. గడువు సాగును. పైమెట్టెక్కుటయే క్రిందిమెట్టును గాపాడుకొనుట. మైక్రోసాఫ్ట్ వారు గడువు తీరుటకు ఆరునెలలు ముందునుండియే ఇంటినుండి శుల్కములేక నవీకరించుకొననిత్తురు. ఆ యారునెలలను మరచినవాడు మొదటినుండి కట్టవలసివచ్చును.

ఇక నొక లెక్క జూతము. 2025లో చేరిన విద్యార్థి 2029లో పట్టము పొందును. ఉత్సాహముచేత మొదటి యేడు డిసెంబరులోనే మూడేండ్ల పత్రమును సంపాదించెననుకొందము. అది 2028 డిసెంబరున, అనగా ఉద్యోగముల యెంపిక జరుగు నాలుగవ యేటనే గడువు తీరును. అదే పత్రమును రెండవయేటి చివర, 2027 వేసవిలో, సంపాదించినచో 2030 వేసవివరకు నిలుచును. కనుక మొదటి యేడు పునాది చదువునకు విడువవలెను. పరీక్ష వ్రాయక మనసు నిలువదన్నచో ఏ.జెడ్.-900 వంటిదానిని వ్రాయవచ్చును. అట్టి ప్రాథమికపరీక్షకు గడువు లేదు. రెండవయేటి వేసవిలో మొదటిమెట్టు, మూడవయేటి వేసవిలో రెండవమెట్టు. కళాశాలపరీక్షలు జరుగు నెలలో మరియొక పరీక్షను బెట్టుకొనరాదు. రెండు పడవలమీద కాళ్లుంచినవాని గతి మనకు దెలిసినదే.

ఇంజనీరింగు చదువునకు బోజాలని పిల్లలు చిన్నబుచ్చుకొన నక్కరలేదు. ఇంటర్మీడియటు ముగించినవారికి కేంద్రప్రభుత్వసంస్థయగు నైలిట్ వారి ఓ లెవెల్ కలదు. పూర్వము డోయెక్ అని పేరు. అందు నాలుగు సిద్ధాంతపత్రములు. పరీక్షలు జనవరియందును జూలైయందును జరుగును. పగలు కూలికో కొట్టుకో పోవువాడు నాలుగింటిని ఒక్కసారి తలకెత్తుకొనుటకంటె, జనవరిలో రెండు, జూలైలో రెండు వ్రాయుట మేలు. దానికి పైమెట్టు ఏ లెవెల్.

తల్లిదండ్రులకు నా విన్నప మొక్కటి. పిల్లవాడు పరీక్షకు రొక్కమడిగినపుడు కాదనవలదు, వెంటనే ఇయ్యనువలదు. ఒక తెల్లకాగితమిచ్చి, తాను చేయగోరు పని పేరు అడుగున వ్రాయుమనుడు. దానిపైన ఆ పనికి గావలసిన చివరిపరీక్ష, దానిపైన దానికి ముందుది, ఒక్కొక్కదాని ప్రక్కను శుల్కము, గడువు, వ్రాయబోవు నెల వ్రాయుమనుడు. అంతయు నింపగలిగినవానికి నిశ్చింతగా నీయవచ్చును. నింపలేక తడబడినవానిని కోపింపవలదు. మరియొక నెల చదివి రమ్మనుడు. పరీక్షకు మరల మరల తేదీలు వచ్చుచునే యుండును. మిరపకాయ లమ్మి తెచ్చిన రూపాయి యట్లు మరల మరల రాదు.