ఇల్లాలి రక్తబలము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



ఇరువదియైదు సంవత్సరములు ఒక గ్రామమున గ్రంథాలయమును నిలుపుట సామాన్యము కాదు. ఈ శుభసమయమున స్త్రీల ఆరోగ్యమును గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు కోరినారు. చదివినది ఒడలి మేలుకు ఉపకరింపనిచో ఆ చదువు బీరువాలో ఉండిపోయినట్లే కదా!

"ఒంట్లో ఓపిక లేదు", "కళ్లు తిరుగుతున్నాయి", "నాలుగడుగులు వేస్తే ఆయాసం" అను మాటలు మన ఇండ్లలో విననివారు లేరు. ఆడవారికి అది మామూలే అని త్రోసివేయుదుము. అది మామూలు కాదు. పెక్కుమందిలో దాని పేరు రక్తహీనత. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలను పరీక్షింపగా, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58 మందికి పైగా, తెలంగాణలో 57 మందికి పైగా ఈ లోపము కలవారని తేలినది.

రక్తములోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువును ఒడలంతటికి మోయును. దాని నిర్మాణమునకు ఇనుము కావలెను. డెసిలీటరు రక్తమున అది 12 గ్రాములకు, గర్భిణికైనచో 11 గ్రాములకు తగ్గిన రక్తహీనత అందురు. నెలనెలా రక్తము పోవుట, వెంటవెంట కానుపులు, కొంకిపురుగులు, అందరును తినిన పిమ్మట మిగిలినది తినుట — ఇవి ముఖ్య కారణములు. రక్తము చాలని తల్లి కానుపునాటి రక్తస్రావమును తట్టుకొనజాలదు. ఓపికలేమి అనుకొన్నది ప్రాణము మీదికి వచ్చును.

ఇనుముతోపాటు ఫోలిక్ ఆమ్లమును అవసరమే. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో నడపిన పరిశోధక బృందము 1945లో దానిని కృత్రిమముగా తయారుచేసినది. ఒక తెలుగువాని కృషి మన తల్లుల మందుబిళ్లలో ఉన్నది. ఆ బిళ్ల అటకమీది డబ్బాలో పడియుండుట న్యాయమా?

ప్రభుత్వము ఉచితముగా ఇచ్చు ఈ బిళ్లలను గర్భిణులు నాల్గవ నెల మొదలు రోజుకొకటి చొప్పున కనీసము 180 రోజులు, కానుపు పిమ్మట మరల 180 రోజులు వాడవలెను. మలము నల్లబడిన భయపడరాదు. వికారము కలిగినచో భోజనానంతరము వేసికొనవచ్చును. కాఫీ, టీలు ఇనుమును ఒంట పట్టనీయవు. నిమ్మరసము తోడైన బాగుగా పట్టును. బిళ్లలు మింగిన బిడ్డ నల్లగా పుట్టుననుట వట్టి మాట. తోటకూర, మునగాకు, రాగులు, పప్పులు, తినువారికి గుడ్డు, చేప, మాంసము మేలు. దొడ్డికి, పొలమునకు చెప్పులు లేక పోరాదు; కొంకిపురుగు పాదముల చర్మము నుండియే లోపలికి చొచ్చును. నెలసరిలో రక్తము అధికముగా పోవుచున్నచో సిగ్గుపడి దాచక వైద్యులకు చెప్పవలెను.

సోదరులారా! ఇది స్త్రీల పని యని ఊరకుండకుడు. ఇంటి ఇల్లాలు తినినదా లేదా యని రేపటినుండి విచారింపుడు. వీలైనచో అందరును ఒక్క పంక్తిని కూర్చుండుడు. ఆరోగ్య కేంద్రమున పరీక్షకు వేలికొననుండి ఒక్క బొట్టు రక్తము చాలును. ఆమెను వెంటబెట్టుకొని పొండు.

గ్రంథాలయమువారికి ఒక మనవి. నెలకొక సాయంకాలము స్త్రీలకై కేటాయించి, చదువు వచ్చినవారు రానివారికి ఇట్టి సంగతులు చదివి వినిపించు ఏర్పాటు చేయవలెను. ఈ సంస్థ స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి, ఓపిక లేదను మాట ఈ యూరి తల్లుల నోట వినబడకుండుగాక!