పసిపిల్లల జలుబు - దగ్గుమందులు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

 

పసిబిడ్డ రాత్రియెల్ల దగ్గుచుండగా తల్లి కంటికి కునుకు రాదు. తెల్లవారిన వెంటనే మందుల దుకాణమునకు మనిషిని పంపును. తియ్యని మందుసీసా యొకటి యింటికి వచ్చును. ఆ సీసా వలన మేలెంత, కీడెంత యనునదే నేటి నా ప్రసంగ విషయము.

జలుబునకు మూలము కంటికి కానరాని వైరసులు. అట్టివి 200 రకములకు పైగా గలవు. బాక్టీరియాలను చంపు యాంటీబయాటిక్ మందులు వీనిపై పనిచేయవు. శరీరమే తన శక్తిచే వీనిని జయింపవలెను. ముక్కు కారుట వారము పది దినములలో తగ్గును. దగ్గు చాలమందికి రెండు వారములలోను, కొందరికి మూడు వారములకును తగ్గును. "మందు వేసిన వారము, వేయకున్న ఏడు దినములు" అను పరిహాసపు మాటలో సత్యమున్నది. మూడవనాడు సీసా తెత్తుము. ఏడవనాడు జలుబు తగ్గును. కీర్తి సీసాకు దక్కును.

దగ్గు శత్రువు కాదు. గొంతున చేరిన కఫమును వెలికి నెట్టు కావలివాడది. దుకాణములలో దగ్గు నణచునవి, ముక్కు కారుట నాపునవి, కఫమును పలుచ చేయునవి యని పలువిధములగు మందులు గలవు. ఇవి పిల్లల జలుబుదగ్గును తగ్గించునని పరీక్షలలో గట్టి నిదర్శనము దొరకలేదు. మితిమీరిన మగత, గుండెదడ వంటి కీడులు మాత్రము కనబడినవి. అందుచేతనే 2008లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ రెండేండ్లలోపు పిల్లలకు ఈ మందులను వాడరాదని హెచ్చరించెను.

ఇంతకంటె ఘోరమైనది కల్తీ. 2025లో మధ్యప్రదేశములోని ఛింద్వాడా ప్రాంతమున దగ్గుమందు త్రాగిన 20 మందికి పైగా పసివారు మూత్రపిండములు చెడి మరణించిరి. ఆ మందున నూటికి 48 పాళ్లకు పైగా డైఇథిలీన్ గ్లైకాల్ అను విషమున్నట్లు తమిళనాడు ప్రభుత్వ పరీక్షలో తేలెను. ఆ విషము తియ్యగానే యుండును. నాలుకతో గాని, కంటితో గాని దానిని గుర్తింపజాలము. ఆ యేటి అక్టోబరులో కేంద్ర ఆరోగ్యశాఖ, రెండేండ్లలోపు పిల్లలకు దగ్గుమందులు వ్రాయరాదనియు, అయిదేండ్లలోపు వారికి సాధారణముగా తగవనియు వైద్యులకు తెలియజేసెను.

అయినచో బిడ్డను ఊరక విడువవలెనా? అట్లు కాదు. తల్లిపాలు తరచుగా నీయవలెను. పెద్ద పిల్లలకు గోరువెచ్చని గంజియో, నీరో త్రాగింపవలెను. ముక్కు దిబ్బడ వేసినచో ఉప్పునీటి చుక్కలు చాలును. ఏడాది నిండిన బిడ్డకు పడుకొనుటకు ముందు అరచెంచాడు తేనె నాకించిన రాత్రి దగ్గు కొంత తగ్గును. ఏడాది నిండని బిడ్డకు మాత్రము తేనె తగదు. బొట్యులిజమను ప్రాణాపాయకరమగు వ్యాధి కలుగవచ్చును. కర్పూరమును బిడ్డ ముక్కునను, నోటను పెట్టరాదు, మూర్ఛలు రావచ్చును. పొయ్యి పొగకును, బీడీ పొగకును బిడ్డను దూరముగా నుంచవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది బిడ్డ ఊపిరిని గమనించుట. బిడ్డ నెమ్మదిగా నున్నపుడు గడియారము చూచుచు నిండు నిమిషము లెక్కింపుడు. రెండు నెలలలోపు బిడ్డకు 60, రెండు నెలల నుండి ఏడాదిలోపు బిడ్డకు 50, ఏడాది మొదలు అయిదేండ్లలోపు బిడ్డకు 40, లేక అంతకు మించి శ్వాసలున్నచో అది న్యుమోనియా కావచ్చును. డొక్కలు లోనికి పోవుచున్నను, పాలు త్రాగలేకున్నను, పెదవులు నీలమైనను క్షణమాలస్యము చేయక ఆసుపత్రికి కొనిపోవలెను. రెండు వారములు దాటిన దగ్గును వైద్యునికి చూపవలెను. ఉబ్బసము మొదలగు వ్యాధులకు వైద్యుడిచ్చిన మందును మాత్రము స్వయముగా మానరాదు.

సీసాను నమ్మి ఊపిరిని చూడకుండుటయే అసలు ప్రమాదము. ఇరువదియైదేండ్లుగా మనకు చదువు చెప్పిన ఈ గ్రంథాలయపు గోడమీద 60, 50, 40 అను ఈ మూడు అంకెలను, వాని ప్రక్కన బిడ్డల వయస్సును పెద్ద యక్షరములతో వ్రాయింపుడని కార్యవర్గమును వేడుకొనుచున్నాను. చదువ నేర్చిన పిల్లలు ఇంటికి పోయి తల్లులకు చెప్పుదురు. ఒక్క బిడ్డ వేళకు ఆసుపత్రి చేరినను ఈ యుత్సవము సార్థకమగును.

సెలవు.