వాసన – జన్యువు – వార్ధక్యం
(సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఆ తర్వాత ఈ ప్రాంతానికి ఉద్యోగాలకు వచ్చిన పిల్లల వెంట మనలో చాలామందిమి కొండాపూర్, గచ్చిబౌలి అపార్టుమెంట్లకు చేరాం. పిల్లలు ఆఫీసుకు, మనవలు బడికి వెళ్తే ఇంటికి కాపలా మనమే. ఆ కాపలాకు కళ్లు, చెవులతో పాటు ముక్కు కూడా కావాలి. బీపీ, షుగరు క్రమం తప్పక చూపించుకునే మనం ముక్కు సంగతి పట్టించుకోం. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

ముక్కు లోపల పైభాగాన వాసన పసిగట్టే నాడీకణాలు లక్షల్లో ఉంటాయి. సాధారణంగా ఒక్కో కణంలో ఒకే రకం గ్రాహక ప్రోటీను పనిచేస్తుంది. దాని తయారీకి సూచన ఇచ్చేది ఒక జన్యువు. ఈ జన్యువుల కుటుంబాన్ని 1991లో లిండా బక్, రిచర్డ్ ఏక్సెల్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు వెల్లడించారు. 2004లో వారికి నోబెల్ బహుమతి లభించింది. మనిషిలో పనిచేసే వాసన జన్యువులు సుమారు 400.

వాటిలో ఒకటి 11వ క్రోమోజోము మీది ఓఆర్6ఏ2. కొత్తిమీర వాసనకు కారణమైన ఆల్డిహైడ్లకు స్పందించే గ్రాహకం దీనిదే. కొందరికి కొత్తిమీర సబ్బు వాసన వేస్తుంది. దానికీ ఈ జన్యువు సమీపంలోని ఒక చిన్న తేడాకూ సంబంధం ఉన్నట్టు 2012లో ఒక అధ్యయనం తెలిపింది. ప్రభావం స్వల్పమేనని కూడా చెప్పింది. కనుక చారులో కొత్తిమీర వద్దన్న అల్లుడిది పెంకితనమే అనుకోనక్కర్లేదు.

అయితే పుట్టుకతో వచ్చిన తేడా వేరు. నిన్నటిదాకా తెలిసిన వాసన ఇవాళ తెలియకపోవడం వేరు. రెండోదానికి జన్యువును నిందించి లాభం లేదు. వయసు, ముక్కులో కండ పెరగడం, కొన్ని మందులు, 2020లో చూసిన కోవిడ్ వంటి జబ్బులు కారణాలు కావచ్చు. పార్కిన్సన్ వ్యాధిలో చేతులు వణకడానికి కొన్నేళ్ల ముందే వాసన తగ్గవచ్చు.

చిక్కేమిటంటే, ఇది మెల్లగా తగ్గుతుంది గనుక మనకే తెలియదు. రుచిలో పెద్ద భాగం వాసనదే. పులుసు చప్పగా ఉందని కోడలిమీద విసుక్కుని, పైన ఉప్పు వేసుకుంటాం. బీపీ పెరుగుతుంది. ఇక వంటగ్యాసుకు ఘాటైన వాసన కలిపేది లీకైతే ముక్కు పసిగట్టాలనే. ఆ ముక్కే పనిచేయకపోతే?

కనుక నా మనవి: నెలకొకసారి కళ్లు మూసుకుని ఇంగువ, కాఫీపొడి, కర్పూరం వాసన చూడండి. తేడా కనిపిస్తే చెవి-ముక్కు-గొంతు డాక్టరును కలవండి. ఇంట్లో గ్యాసు అలారం పెట్టించమని పిల్లలను అడగండి, మొహమాటపడకండి. గ్యాసు లీకైందని అనుమానం వస్తే స్విచ్చులు ముట్టవద్దు. రెగ్యులేటరు కట్టేసి, కిటికీలు తెరిచి, బయటికి వచ్చి 1906కు ఫోను చేయండి.