మట్టిలో దొరికిన మందు



తొలకరి చినుకు పడగానే మన పోచంపల్లి చెలకల్లోంచి ఒక వాసన లేస్తుంది కదా. మగ్గము మీద ఉన్నవారు కూడా ఒక్క క్షణము చెయ్యి ఆపి పీల్చుకుంటారు. అది ఎక్కడిదో ఎప్పుడైనా ఆలోచించారా? మట్టిలో స్ట్రెప్టోమైసిస్ అనే బాక్టీరియాలున్నాయి, కంటికి కనబడవు. ఆ వాసన ఎక్కువగా వాటిదే. 1951లో వినోబా భావే గారు వచ్చినప్పుడు మన ఊరి పేదలు 80 ఎకరాలు అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి గారు 100 ఎకరాలు ఇచ్చారు. మట్టి విలువ మనకు ఎకరాలలో తెలుసు. చెంచాడు మట్టి విలువ ఎంతో ఈ రోజు చెప్పుకుందాము.

మన తెలుగువారు యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరములో పుట్టి, అమెరికా వెళ్లి, లెడర్లే అనే మందుల కంపెనీలో పరిశోధనలకు అధిపతి అయ్యారు. ఆయన దగ్గర డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఉండేవారు, డెబ్బై దాటిన ముసలాయన. ఎక్కడెక్కడి మట్టినో తెప్పించి, అందులోని జీవులను పెంచి, వాటిలో ఏది రోగక్రిములను అడ్డుకుంటుందో ఓపికగా చూసేవారు. 1945లో మిస్సోరి విశ్వవిద్యాలయపు గడ్డి పొలము మట్టిలో బంగారు రంగు స్ట్రెప్టోమైసిస్ ఒకటి దొరికింది. దాని నుండి వచ్చినదే ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ జాతి మందులలో అదే మొదటిది. 1948లో దానిని లోకానికి ప్రకటించారు. ఆ సంవత్సరమే సుబ్బారావు గారు 53 ఏళ్లకే కన్నుమూశారు. మన పిల్లలకు సినిమా నటుల పుట్టినరోజులు తెలుసు గాని ఈయన పేరు తెలియదు. పోనివ్వండి.

క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్ కూడా మట్టి నుండి వచ్చినదే. 1957లో ఫ్రాన్సు సముద్రతీరపు అడవి మట్టిలో దొరికిన ఒక బాక్టీరియా ఇచ్చిన పదార్థమును మార్చి దానిని చేశారు. అది వేసుకుంటే మూత్రము ఎర్రగా వస్తుంది. రక్తమనుకొని మానేసినవారు ఉన్నారు. అది మందు రంగే, భయపడకండి.

ఈ మందు సంగతి ఎందుకు ఎత్తానంటే, మన సంఘములో నేతపని చేసే ఒక సహోదరునికి క్షయ వచ్చింది. ప్రార్థించాము. రెండు నెలలు మాత్రలు వేసుకున్నాడు. దగ్గు తగ్గింది, ఒళ్లు తేరుకుంది. ఒక ఆదివారము నేనే ఆయనను లేపి సాక్ష్యము చెప్పించాను. అందరూ స్తోత్రమన్నారు. మాత్రలు ఇంకా వేసుకుంటున్నావా అని మాత్రము నేను అడగలేదు. “తగ్గింది కదా అయ్యగారూ, ఇంకా ఎందుకు?” అని ఆయన ఎప్పుడో మానేశాడట. కొన్ని నెలలకు మళ్లీ జ్వరము, దగ్గుతో రక్తము.

సాధారణ క్షయకు 6 నెలల మందు. బలహీనమైన క్రిములు ముందు చస్తాయి, అందుకే మనకు త్వరగా నెమ్మదిస్తుంది. మొండివి లోపల మిగిలే ఉంటాయి. మధ్యలో ఆపితే అవే పెరుగుతాయి. కొన్ని ఆ మందుకు లొంగనివిగా తయారవుతాయి. అప్పుడు ఆ జబ్బు ఇంట్లో పిల్లలకు సోకితే, వారికి కూడా ఆ మందు పనిచేయదు. డాక్టరును అడగకుండా దుకాణములో నాలుగు యాంటీబయాటిక్ మాత్రలు కొని, జ్వరము తగ్గగానే మిగిలినవి దాచుకొనే అలవాటు కూడా మనకున్నది. పక్కింటివారికి ఇచ్చే అలవాటు మరీ ఘోరము.

నయమాను సంగతి మీకు తెలుసు. ప్రవక్త ఏడు మునకలన్నాడు. మూడు వేసి ఒడ్డెక్కితే ఏమయ్యేది? బాగుపడిన తరువాత ఆయన అడిగినది కూడా మట్టే, రెండు కంచరగాడిదలు మోసేంత!

ఆ సహోదరునికి కఫం పరీక్ష చేసి, ప్రభుత్వ ఆసుపత్రిలో మందు మళ్లీ మొదటి నుండి మొదలుపెట్టారు. పైసా ఖర్చు లేదు. ఇప్పుడు నాలుగో నెల. మగ్గము పక్కన గోడ మీద ఆయన కూతురు రోజుకొక గీత గీస్తున్నది. నేను వారి ఇంటికి వెళ్లినప్పుడు ముందు ఆ గీతలు లెక్కపెట్టి, తరువాతనే ప్రార్థనకు మోకరిస్తున్నాను.