పట్టికలోని పేళ్లు



ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల మెట్టసేద్యమును గూర్చి మీకు నేను వేరుగ జెప్పనక్కరలేదు. మా వరికుంటపాటి సీమలో వాన కురిసిన పంట, కురియకున్న అప్పు. అట్టిచోట విత్తనముల వేళ రెండువేల రూపాయలు చేతికందుట చిన్న సంగతి గాదు. అర్హుడు గానివాని చేతికందుటయు చిన్న సంగతి గాదు.

2019వ సంవత్సరము ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము కిసాన్ సమ్మాన్ నిధిని ప్రారంభించి, భూమిగల రైతుకుటుంబమునకు ఏటికి 6,000 రూపాయలు మూడు విడతలుగా నిచ్చుటకు నిర్ణయించెను. ఆ యేడే అక్టోబరు 15వ తేదీన మన జిల్లాలోని కాకుటూరున రాష్ట్రప్రభుత్వపు రైతు భరోసా మొదలయ్యెను. కేంద్రపు సొమ్ముతో గలిపి 13,500. పిదప 2025 ఆగస్టు 2వ తేదీన దర్శి మండలమున అన్నదాత సుఖీభవ ప్రారంభమయ్యెను. రెండును గలిపి 20,000. పథకముల పేళ్లు మారినవి. పట్టికలో నెవరి పేరుండవలె నను తగవు మాత్రము మారలేదు.

నెలకు 10,000 రూపాయలును అంతకు మించియు పింఛను పొందు నావంటి విశ్రాంతోపాధ్యాయులు కేంద్రనిధికి అర్హులు గారు. అయినను పిత్రార్జితమైన మూడెకరములు నా పేర నుండుటచే, ఎవరో వ్రాసికొనిపోయిన కాగితమున నా పేరును జేరినది. రెండువేలు ఖాతాలో బడినవి. చూచియు గొన్నాళ్లూరకుంటిని. చెప్పుకొనుటకు సిగ్గుగనే యున్నది. ఒకనాడు నాయొద్ద జదువుకొన్న కుర్రవాడు గోడకంటించిన జాబితా జూచివచ్చి, "అయ్యవారూ, మీ పేరున్నది, మా నాయన పేరు లేదు" అనెను. వాని తండ్రి యా మూడెకరములనే కౌలుకు జేయుచున్నాడు.

నేను సొమ్ము తిరిగి కట్టితిని. ఆ సొమ్ము వానికి బోలేదు. కేంద్రనిధి భూయజమానికే గాని కౌలుదారునకు లేదు. రాష్ట్రసాయమునకు కౌలుపత్రము కావలయును. 2019 నాటి చట్టము ప్రకార మా పత్రమునకు యజమాని సమ్మతి వలయును. చేవ్రాలు పెట్టిన భూమి పోవునని మనలో బెక్కురు వెరతురు. అది పదునొకండు నెలల సాగుకు, పంటకు సంబంధించిన హక్కే గాని భూమిపై హక్కు గాదు. నేను చేవ్రాలు చేసితిని.

సాయము పొందువారి వివరములను అడుగకయే ప్రకటింపవలెనని 2005 నాటి సమాచారహక్కు చట్టము నాలుగవ సెక్షను చెప్పుచున్నది. నలుగురిలో పేరు వెల్లడియగుట అవమానమని కొందరందురు. ఐరోపాలోను ఈ వాదము పుట్టినది. జర్మనీ రైతులు వ్యాజ్యము వేయగా, 2010 నవంబరులో ఆ ఖండపు న్యాయస్థానము, సొమ్మెంతయని చూడక వ్యక్తుల పేళ్లన్నింటిని ఒక్కరీతిగ బ్రకటించుట మితిమీరినదని తీర్పు చెప్పెను. దరిమిలా వారు చట్టమును మార్చి, స్వల్పమొత్తములు పొందువారి పేళ్లను మినహాయించి, తక్కినవారివి మరల బ్రకటింపసాగిరి. నా మట్టుకు పేరును, మొత్తమును గోడపై నుండవలసినదే. ఆధారు సంఖ్య, బ్యాంకు ఖాతా సంఖ్య గోడకెక్కరాదు. వానితో ఇరుగుపొరుగులకు బనిలేదు, మోసగాండ్రకే పని.

జాబితా అక్షరములు మిక్కిలి సన్ననివి; కండ్లద్దములు పెట్టుకొన్నను నాకు గనబడలేదు. అందుచే మొన్నటి విడతకు మా యూర రచ్చబండకడ నొక చదువుకొన్న పిల్లచేత దానిని బిగ్గరగ జదివించితిమి. అరగంట పట్టినది. నడుమ చనిపోయినవారి పేళ్లు రెండు వినవచ్చినవి. వానిని కాగితముపై వ్రాసి యిచ్చి, రసీదు పుచ్చుకొంటిమి.